జలుబులు ఎక్కువగా వచ్చేవాళ్లను కోవిడ్ వదిలేసిందా?

ఒకటో తరగతి టీచర్:
చిన్నపిల్లల చీమిడి ముక్కులు తుడవడం కూడా మా ఉద్యోగంలో భాగమే. అందుకే వానాకాలం వస్తే నాకు పడిశం ఖాయం, ఒకటి తగ్గేలోపే ఇంకొకటి మొదలవుతుంది. 2020 సెప్టెంబరులో మావారికి, మా అత్తగారికి కోవిడ్ వచ్చింది. ఇద్దరికీ గంజి కాచి ఇచ్చింది, గిన్నెలు కడిగింది, వేలికి ఆక్సిమీటరు పెట్టి చూసింది నేనే. నాకు మాత్రం గొంతులో గరగర కూడా లేదు. పరీక్ష చేయిస్తే నెగెటివ్. "పిల్లల జలుబులే మీకు టీకా మేడమ్" అని మా బడిలో ఒక సార్ తేల్చేశారు. వినడానికి బాగానే ఉంది గానీ, 2022 జనవరిలో ఇంట్లో అందరికంటే ముందు నాకే వచ్చింది! పాత జలుబులు నిజంగా కాపాడతాయా? కాపాడితే రెండోసారి ఏమయ్యాయి? దయచేసి కషాయాల సలహాలు వద్దు, మా ఇంట్లో అవి చాలినన్ని ఉన్నాయి.

గోదావరి గట్టు:
నాకు నమ్మకం లేదండీ. మా బావగారికి ఏడాది పొడవునా ముక్కు కారుతూనే ఉంటుంది. 2021 మే నెలలో ఆయన ఆక్సిజన్ మీద ఉన్నారు.

రిటైర్డ్ మైక్రోబయాలజీ మాస్టారు:
గట్టు గారూ, ఏడాది పొడవునా కారే ముక్కు చాలావరకు ఎలర్జీ. అది జలుబు కిందికే రాదు, ఈ లెక్కలో కలపకండి.

టీచరమ్మా, జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైనే ఉన్నాయి. వాటిలో పెద్ద వాటా రైనోవైరస్‌లది. కోవిడ్ వైరస్‌కూ వాటికీ ఏ చుట్టరికమూ లేదు. చుట్టరికం ఉన్నవి నాలుగే, అవీ కరోనా వైరస్‌లే: 229ఇ, ఓసీ43, ఎన్ఎల్63, హెచ్‌కేయూ1. మొదటి రెండూ 1960ల నుంచి తెలుసు. తక్కినవి, మరో కరోనా వైరస్ తెచ్చిన సార్స్ జబ్బు వచ్చి వెళ్లాక, 2004, 2005లలో బయటపడ్డాయి. పెద్దవాళ్లకు వచ్చే పది జలుబుల్లో ఈ నాలుగింటి వల్ల వచ్చేవి ఒకటి నుంచి మూడు. కాబట్టి ఎన్ని జలుబులు చేశాయని లెక్కపెట్టుకుంటే ఏమీ తేలదు.

ఇక మీ సార్ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 2020 మే నెలలో కాలిఫోర్నియాలోని లా హోయా ఇమ్యునాలజీ సంస్థ వాళ్లు 2015-18 మధ్య సేకరించి దాచిన రక్తాన్ని పరీక్షించారు. అప్పటికి కోవిడ్ లేనే లేదు. అయినా సుమారు సగం మందిలో ఈ కొత్త వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు (వైరస్‌లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) కనిపించాయి. అవి పాత కరోనా జలుబులు మిగిల్చినవై ఉండవచ్చని అనుకున్నారు. మన దేశంలో కూడా, ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ వాళ్లకు కోవిడ్ సోకనివారి రక్తంలో, సగం కంటే ఎక్కువ మందిలో అలాంటివే దొరికాయి. పత్రికలు అంతవరకే రాసి ఊరుకున్నాయి. గుర్తుపట్టిన కణం కాపాడిందా లేదా అన్నది అసలు ప్రశ్న కదా!

దానికి దగ్గరగా వెళ్లింది లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధన. అది మొదలైంది కూడా మీ ఇంట్లో కోవిడ్ ఉన్న ఆ 2020 సెప్టెంబరులోనే. ఇంట్లో రోగి ఉన్న 52 మందిని పరిశీలిస్తే సగం మందికి సోకింది, సగం మందికి సోకలేదు. సోకనివారిలో ఆ పాత టీ కణాలు ఎక్కువగా ఉన్నాయి. అవి వైరస్ పైనుండే ముల్లును కాకుండా లోపలి ప్రోటీన్లను పట్టుకునేవి. ముల్లు మారినంతగా లోపలివి మారవు. ఇది ముఖ్యమైన ఫలితమే. అయితే 52 మందిని చూసి ఊరంతటికీ తీర్పు చెప్పలేం, పైగా దీన్ని నమ్ముకుని టీకా మానవద్దని ఆ పరిశోధకులే హెచ్చరించారు. యాంటీబాడీల సంగతి వేరు. పాత జలుబుల యాంటీబాడీలు కోవిడ్ సోకకుండా ఆపినట్టు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ల పరిశీలనలో కనిపించలేదు.

మీ రెండో ప్రశ్నకు వస్తే, ఈ రక్షణ నిలవ ఉండే సరుకు కాదు. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో వాలంటీర్ల ముక్కులో 229ఇ వేసి జలుబు తెప్పించేవారు. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. ఏడాది తర్వాత మళ్లీ అదే వైరస్ వేస్తే, మొదట సోకినవారిలో ఎక్కువమందికి మళ్లీ సోకింది, కానీ వాళ్లలో ఒక్కరికీ జలుబు చేయలేదు. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. సోకడం, జబ్బు పడడం వేర్వేరని ఇంత సూటిగా చూపించినవి తక్కువ. సొంత వైరస్ మీదే ఏడాదికి ఇంత సడలితే, దాయాది మీద ఎంత ఆశ పెట్టుకుంటారు? మీ బడి 2020 మార్చిలో మూతపడింది, అంటే పిల్లల నుంచి మీకు అంటే జలుబులూ అప్పటి నుంచి తగ్గి ఉంటాయి. 2022 జనవరి నాటికి వచ్చింది ఒమిక్రాన్, వేగంగా అంటుకునే రకం.

ఇంకొక మాట. తొలి ఏడాదిలో ఇంట్లో ఒకరికి కోవిడ్ వస్తే, కలిసి ఉన్న వాళ్లలో ఎక్కువమందికి అంటుకోనే లేదు. మీరు తప్పించుకోవడానికి జలుబులే కారణమై ఉండనక్కరలేదు.

లండన్ నర్సు, సొంతూరు తెనాలి:
మాస్టారూ, ఇంకొకటి కలపవచ్చా? మొదటి వేవ్‌లో ఇక్కడి ఆసుపత్రి సిబ్బంది రక్తాన్ని వారం వారం తీసుకున్నారు. ఎన్నిసార్లు పరీక్షించినా పాజిటివ్ రానివారిలో కొందరికి, వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి వాడే ప్రోటీన్లను గుర్తించే టీ కణాలు పెరిగాయి. అంటే వైరస్ లోపలికి వచ్చి, నిలదొక్కుకోకముందే పోయి ఉండవచ్చు. టీచర్ గారి నెగెటివ్ వెనక అదీ ఉండవచ్చు.

ఒకటో తరగతి టీచర్:
ఇద్దరికీ నమస్కారాలు. అయితే నాకు వచ్చేది ఏ జలుబో తెలుసుకునే పరీక్ష ఏదైనా ఉందా?

రిటైర్డ్ మైక్రోబయాలజీ మాస్టారు:
ఉందమ్మా. ముక్కులోంచి నమూనా తీసి ఒకేసారి చాలా వైరస్‌లు వెతికే పీసీఆర్ పరీక్ష పెద్ద నగరాల ల్యాబుల్లో చేస్తారు, ఆ నాలుగూ అందులో ఉంటాయి. జలుబు ఉన్న రోజుల్లోనే ఇవ్వాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఏ పేరు వచ్చినా మీకు చేసే వైద్యం మారదు. ఆ డబ్బుతో తరగతి గదిలో సబ్బు, పిల్లలకు చేతిరుమాళ్లు కొనండి. మీ అత్తగారికి షుగరు ఉంటే టీకా డోసుల సంగతి ఆమె డాక్టరును అడగండి.