అను ఫాంట్ పీడీఎఫ్‌లు, చేతిరాత ఫొటోలు: చూపు లేని పిల్లలు నోట్సు ఎలా చదవాలి?

తొమ్మిదో తరగతి అమ్మ:
మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. మామూలు ప్రైవేటు బడిలో తొమ్మిది చదువుతోంది. తరగతిలో విని నేర్చుకోవడంలో ఎవరికీ తీసిపోదు. కష్టమంతా సాయంత్రం మొదలవుతుంది. వాట్సాప్ గ్రూపులో నోట్సు వస్తుంది. సగం చేతిరాత ఫొటోలు, సగం అను ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్‌లు. ఫొటో మీద వేలు పెడితే ఫోను "ఫొటో" అని చెప్పి ఊరుకుంటుంది. పీడీఎఫ్ అయితే ఇంకా ఘోరం. ఆ ఫాంటు లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, పైకి కనిపించేవి మాత్రం తెలుగు బొమ్మలు. అందుకని ఫోను ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ గుర్తులూ వరసపెట్టి చదువుతూ పోతుంది. నేను డ్యూటీ దిగి ఎనిమిదికి ఇల్లు చేరి చదివి వినిపించాలి, క్విజ్ లింకేమో తొమ్మిదికి మూసేస్తారు. యూనికోడ్‌లో, అంటే ఫోను చదవగలిగే తెలుగు అక్షరాల్లో, టైపు చేసి పంపండి, కుదరకపోతే వాయిస్ మెసేజ్ అయినా పెట్టండి అని అడిగాను. ఇది టీచర్లకు మోయలేని బరువా?

ఫిజిక్స్ మాస్టారు:
బరువేనండి. నేను సర్కారు బడిలో ఐదు సెక్షన్లకు చెబుతాను. సాయంత్రానికి గొంతు పోతుంది, ఆ తర్వాత ఆన్‌లైన్ హాజరు, రికార్డులు. బోర్డు మీద రాసింది ఫొటో తీసి పెట్టడం నిమిషం పని. తెలుగు టైపింగు నాకు ఎవరూ నేర్పలేదు. మీ బాధ అర్థమవుతోంది, కానీ అడిగేవాళ్లకు మా పని తెలియదు.

ఊరికే చదివేవాణ్ణి:
ఓసీఆర్ ఉంది కదా, ఫొటోని అక్షరాలుగా మార్చేస్తుంది.

డీటీపీ షాపు:
అను ఫాంట్లను తిట్టకండి. పాతికేళ్లుగా వాటితోనే బతుకుతున్నాను. గైడ్లు, ప్రశ్నపత్రాలు, పెళ్లి కార్డులు అన్నీ వాటిలోనే. అచ్చులో ఆ అందం యూనికోడ్ ఫాంట్లకు ఇంకా రాలేదు. పైగా అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి, ఒక్క నొక్కుతో అయిపోతుంది. తప్పు ఫాంటుది కాదు.

తెల్లకర్ర:
నేను అంధుణ్ణి, బ్యాంకులో పని చేస్తాను, ఈ పోస్టు ఎన్‌వీడీఏతో రాస్తున్నాను. అది తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడరు, 2006లో ఆస్ట్రేలియాలో ఒక అంధ ప్రోగ్రామరే మొదలుపెట్టాడు. డీటీపీ అన్నా, అచ్చుకు అను వాడుకోండి, ఎవరూ వద్దనరు. పిల్లలకు పంపే ఫైలు సంగతే మేం మాట్లాడేది. కన్వర్టర్లో వేస్తే ఒత్తులు కొన్ని ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరానికి అతుక్కుంటాయి. కంటితో చూసి సరిచేసేవాళ్లు ఒకరు కావాలి. అంత చూపు ఇంట్లో ఉంటే అసలు కన్వర్టరే అక్కర్లేదు కదా. ఓసీఆర్ కూడా అంతే. అచ్చు తెలుగును బాగానే పడుతుంది, మాస్టారి చేతిరాతను నమ్మకంగా పట్టలేదు. లెక్కల్లో ఎక్స్ స్క్వేరును "ఎక్స్ టూ" అని చదివితే పిల్ల రెండు ఎక్స్‌లు అనుకుని లెక్క చేస్తుంది. ఇంటర్లో నాకలాగే ఒక యూనిట్ పోయింది.

డీటీపీ షాపు:
కన్వర్టరు సరిగ్గా వాడితే ఒత్తులు పోవు. ఫైలు పంపండి, చేసి చూపిస్తాను.

గుంటూరు నాన్న:
అమ్మా, దయచేసి వాయిస్ మెసేజ్ అని మాత్రం అడగకండి. మా వాడికి వినపడదు, ఏడో తరగతి. పోయినేడు ఎవరో తల్లిదండ్రులు అడిగారని వాళ్ల సోషల్ టీచరు నోట్సు మానేసి వాయిస్ మెసేజులు మొదలుపెట్టారు. మీలాగే నేనూ రాత్రి కూర్చుని, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి వాడికిచ్చేవాణ్ణి. వీడియో పాఠాల్లో అయితే టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు, పెదాలు కనబడవు, కింద క్యాప్షన్లు ఉండవు.

తొమ్మిదో తరగతి అమ్మ:
అన్నా, అది నాకు తట్టలేదు. వాయిస్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

లా స్టూడెంట్:
2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఏదైనా, చూపు లేని, వినికిడి లేని పిల్లలకు తగిన పద్ధతిలో చదువు చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమంది. పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చడానికి 2012 నుంచి కాపీరైటు అడ్డం లేదు. కేసు వేయండి మేడమ్.

విజయవాడ కుర్రోడు:
శ్రీకాంత్ బొల్లా గారిని చూడండి, ఆయనకూ చూపు లేదు, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లి చదివారు. పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే.

తెల్లకర్ర:
ఆయనంటే నాకెంతో గౌరవం తమ్ముడూ. కానీ ఇంటర్లో సైన్సు చదవనివ్వండని ఆయన కోర్టుకెళ్లాల్సి వచ్చింది. ఈ పాప తొమ్మిదో తరగతి నోట్సు కోసం కోర్టు మెట్లెక్కాలా?

ఫిజిక్స్ మాస్టారు:
చట్టాలు చెప్పడం తేలిక. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కరి కోసం నేను రోజూ గంటసేపు టైపు చేస్తూ కూర్చుంటే మిగతా ముప్ఫై తొమ్మిది మంది సంగతేంటి? అలాంటి పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలున్నాయి, శిక్షణ పొందిన టీచర్లున్నారు. అక్కడ చేర్చొచ్చు కదా.

తొమ్మిదో తరగతి అమ్మ:
మాస్టారూ, ఈ మాట ఎల్‌కేజీ నుంచి వింటున్నాను. మీరు ఐదో వారో ఆరో వారో. పదమూడేళ్ల పిల్లను హాస్టల్లో వదలమంటారా, మీ ఫొటో తీసే నిమిషం గంట కాకూడదని? నిన్న నాకు డ్యూటీ పొడిగించారు, తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చాను. గుమ్మంలోనే "అమ్మా, నేను ఆబ్సెంట్ అని పడిందా" అని అడిగింది. క్విజ్ రాయకపోతే ఆబ్సెంట్ వేస్తారు. ఇంట్లోనే ఉంది, ఫోను చేతిలోనే ఉంది, పాఠం వచ్చు.

ఊరికే చదివేవాణ్ణి:
ఓసీఆర్ గురించి తేలిగ్గా మాట్లాడాను. సారీ అండి.

ఫిజిక్స్ మాస్టారు:
ప్రత్యేక పాఠశాల మాట అనకుండా ఉండాల్సింది. అసలు సంగతి చెబుతాను. మా దగ్గర ఆ నోట్సు రాత్రి ఎనిమిదిలోగా గ్రూపులో పడాలి, పడ్డట్టు స్క్రీన్‌షాట్ హెచ్ఎం గారికి పంపాలి, ఆయన పైకి పంపాలి. పిల్లలు తెరిచారా, చదవగలిగారా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నా తరగతిలో ఒక కుర్రాడు పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతాడు. నా చేతిరాత ఫొటో వాడు ఫోన్లో ఎలా చదువుతున్నాడో నాకు తెలియదు. నేను పంపేది స్క్రీన్‌షాట్ కోసమే.

తెల్లకర్ర:
మాస్టారూ, టైపింగు రాకపోయినా ఫర్వాలేదు. ఫోను కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పండి, యూనికోడ్‌లోనే పడుతుంది. తప్పులు పడతాయి, దిద్దుకోవాలి. అయినా గంట పట్టదు. అక్షరాలుంటే మా ఫోను చదువుతుంది, గుంటూరు అన్న వాళ్ల అబ్బాయి కళ్లతో చదువుకుంటాడు, మీ కుర్రాడు సైజు పెంచుకుంటాడు. ఫొటో కూడా పెట్టండి, దాని కింద అక్షరాలు ఉంటే చాలు. రాత్రి కాదు, అందరితో పాటే.

ఫిజిక్స్ మాస్టారు:
కాంతి వక్రీభవనం రెండు పేరాలు మైకులో చెప్పి చూశాను. "పట్టకం" అంటే "పథకం" అని పడింది, దిద్దాను. పావుగంట పట్టింది. కింద పెడుతున్నాను, మీ అమ్మాయి ఫోను ఏం చదివిందో చెప్పండి. కిరణ చిత్రాన్ని మాటల్లో ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

తొమ్మిదో తరగతి అమ్మ:
మొత్తం చదివింది మాస్టారూ. చిత్రం గురించి అమ్మాయే చెప్పమంది: కిరణం ఎటు నుంచి వచ్చి ఎటు వంగిందో, లంబానికి దగ్గరగానా దూరంగానా, అంత చెబితే చాలట. ఇదంతా మా బడి వాళ్లకు ఎలా చెప్పాలన్నదే ఇప్పుడు నా టెన్షన్.

డీటీపీ షాపు:
ఆ పీడీఎఫ్ ఏదో పంపండి మేడమ్, మార్చి, ఒత్తులు నేనే చూసి దిద్ది ఇస్తాను. అను మీద నా మాట మాత్రం మారదు.

గుంటూరు నాన్న:
అక్షరాల సంగతి బాగుంది. వీడియో పాఠాలకు క్యాప్షన్లు ఎవరు వేస్తారు?