నగిషీ ఎక్కువగా ఉన్న చైనా మడత చాకులు: మీ అభిప్రాయం కావాలి

ప్రశ్న (డాలస్ నుంచి ఒక సభ్యుడు)

అందరికీ నమస్కారం. పదేళ్లుగా మడత చాకులు కొని, వాడి, సాన పట్టుకుంటూ వస్తున్నవాణ్ని. నా దగ్గరున్న వాటిలో సగానికి పైగా చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులో తయారైనవే. కత్తులకూ కత్తెరలకూ పేరుపడిన యాంగ్‌జియాంగ్ నగరం అక్కడిదే. మొదట్లో అక్కడి సరుకంటే 30 డాలర్ల లోపు చాకు అనే అనుకునేవాణ్ని. ఇప్పుడు అక్కడి కంపెనీలే మూడు నాలుగు వందల డాలర్ల చాకులు చేస్తున్నాయి, వాటి పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. నా సందేహమంతా వాటి అలంకారం గురించే.

విషయం ఏమిటంటే, ఈ వేసవిలో నూజివీడు వెళ్తున్నాను. మా నాన్నగారికి 72 ఏళ్లు. తోటలో మామిడి అంటు కట్టడం దగ్గర్నుంచి సాయంత్రం పండు కోసుకోవడం దాకా అన్నిటికీ ఆయన చొక్కా జేబులో ఒకే మడత చాకు ఉంటుంది. దాని చెక్క పిడి అరిగి అరిగి, లోపలి ఇత్తడి మేకుల తలలు పైకి తేలాయి. ఆయనకు జీవితంలో ఒక్కసారైనా నిజంగా అందమైన చాకు చేతికివ్వాలని నా కోరిక.

రెండు చూసి పెట్టుకున్నాను. మొదటిదాని పిడి టైటానియం పలకలతో చేసినది, రెండు వైపులా పాము పొలుసుల్లా చెక్కారు. ప్రతి పొలుసూ అంచున పసుపు, లోతున నీలం. కత్తి అలుగు మీద పొడవాటి రంధ్రాలు మూడు ఉన్నాయి, మొన దగ్గర ఒక వాలు, పిడి దగ్గర మరో వాలు, రెండూ కలిసేచోట పొలంగట్టులా ఒక గీత. రెండోదాని పిడి ఏ చెక్కడమూ లేని బూడిద రంగు టైటానియం, కానీ అలుగు డమాస్టీల్ అనే ఉక్కుతో చేసినది, దాని మీద చెరువు మీద గాలి వీచినట్లు గీతలు కనిపిస్తాయి. మొదటిదాన్ని చూస్తే కళ్లు తిప్పుకోలేకపోతున్నాను. అయినా ఏదో వెనక్కి లాగుతోంది, అదేమిటో నాకే స్పష్టంగా తెలియడం లేదు. ఇలాంటివి వాడినవారు చెప్పండి.

సమాధానం 1 (బాలానగర్, హైదరాబాద్)

నేను చాకుల సేకర్తను కాను. 30 ఏళ్లుగా ఇక్కడి టూల్‌రూముల్లో మిల్లింగ్ యంత్రం మీద పని చేస్తున్నవాణ్ని, కాబట్టి యంత్రం వైపు నుంచి మాత్రమే చెప్పగలను.

టైటానియం మొండి లోహం. కోస్తుంటే పుట్టే వేడి రజనుతో బయటికి పోకుండా కట్టర్ అంచు దగ్గరే నిలిచిపోతుంది, కట్టర్‌కు అంటుకుంటుంది, ఏమాత్రం అజాగ్రత్తగా ఉన్నా పైభాగం చిరిగినట్లు అవుతుంది. అటువంటి లోహం మీద వంద పొలుసులు ఒకే లోతులో, ఒకే నునుపుతో తీశారంటే ఆ పనివాళ్లకు నమస్కారం పెట్టవలసిందే. ఇది తక్కువ పని కాదు, చైనా సరుకు కదా అని తీసిపారేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

అయితే ఇంత నగిషీ ఎందుకు వస్తోందో కూడా ఆలోచించాలి. అక్కడి కంపెనీల్లో చాలా భాగం మొదట ఇతరుల పేరు మీద చాకులు చేసిపెట్టినవే. వీ నైఫ్ కంపెనీనే చూడండి, 2000 నుంచి యాంగ్‌జియాంగ్‌లో చాకులు చేస్తూ, సొంత పేరుతో బజారులోకి వచ్చింది మాత్రం చాలా ఏళ్ల తర్వాతే. సొంత పేరుతో నిలబడాలంటే ఇతరులు చేయలేనిది చేసి చూపించాలి. వాళ్ల దగ్గర మంచి యంత్రాలున్నాయి, వాటిని నడిపే చేయి తిరిగిన మనుషులున్నారు. చేత్తో చెక్కే కళాకారుడు ఒక్కో గీతకూ కష్టపడాలి, అందుకని అక్కర్లేని గీత గీయడు. ప్రోగ్రాము ఒకసారి రాసుకున్న యంత్రానికి పది గీతలైనా వంద గీతలైనా అదనంగా పట్టేది కొంత సమయం మాత్రమే. ఎక్కడ ఆపాలో చెప్పవలసింది రూపకర్త. ఎలైజా ఐషమ్ అనే రూపకర్త వీ నైఫ్ కంపెనీకే గీసిచ్చిన ఆరాకిస్ వంటి నమూనాలు మామూలు చాకు రూపానికి ఎంతో దూరంగా ఉంటాయి, అయినా వాటిలో ఒక మనిషి ఆలోచన మొదటినుంచి చివరిదాకా కనిపిస్తుంది. మీరు వర్ణించిన పొలుసుల చాకులో పిడి ఒకరి ఆలోచన, అలుగు ఇంకొకరి ఆలోచన అన్నట్లుగా నాకు అనిపించింది.

మీరు కొనే ముందు రెండు చోట్లు చూడండి. మొదటిది లాక్. ఈ చాకుల్లో చాలావాటికి క్రిస్ రీవ్ అనే చాకుల తయారీదారు ప్రచారంలోకి తెచ్చిన ఫ్రేమ్ లాక్ ఉంటుంది, అంటే పిడి పలకలోనే ఒక పట్టీని కోసి, దాని మొదట్లో లోహాన్ని పలచన చేసి, స్ప్రింగులా వంచుతారు. ఆ పలచని చోటు ఎంత మందం ఉందన్నదాని మీదే స్ప్రింగు బలమంతా ఆధారపడి ఉంటుంది. దాని బయటి వైపు కూడా లోతుగా పొలుసులు చెక్కితే ఆ లెక్క మారిపోతుంది. మంచి తయారీదారు అక్కడికి వచ్చేసరికి చెక్కడాన్ని తేలిక చేస్తాడు లేదా పూర్తిగా ఆపేస్తాడు. రెండోది బొటనవేలు ఆనే చోటు. చాకును గట్టిగా పట్టుకుని, ఎండిన కొమ్మను కోస్తున్నట్లు నొక్కి చూడండి. పొలుసు అంచు ఎక్కడ గుచ్చుకుంటుందో నిమిషంలో తెలిసిపోతుంది.

మన దగ్గర బిద్రీ పని చూసే ఉంటారు. నల్లటి లోహంలో వెండిని ఎంత పొదిగినా చేత్తో తడిమితే నున్నగానే ఉంటుంది. కరీంనగర్ వెండి తీగపని అంతకన్నా సున్నితం, కానీ దాన్ని గుప్పిట బిగించి పట్టుకోము. చాకు పిడికి కావలసింది మొదటి తరహా అలంకారం.

సమాధానం 2 (న్యూజెర్సీ)

మీరు చెప్పినటువంటి చాకునే మూడేళ్లు వాడాను. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ తప్పు కాదు.

మొదటి ఇబ్బంది రంధ్రాలతో వచ్చింది. ఒక మామిడిపండు కోశాను. గుజ్జు ఆ మూడు రంధ్రాల్లో నిండింది, రసం జారి ఇరుసులోకి దిగింది. ఇరుసులో ఉన్నవి చిన్న చిన్న సిరామిక్ గుళ్ల బేరింగులు. మర్నాటికి రసం గట్టిపడి, వేలితో తోస్తే చాలు తెరుచుకునే చాకు రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. టార్క్స్ (నక్షత్రం ఆకారపు మొన ఉన్న) స్క్రూడ్రైవర్‌తో మొత్తం విప్పి, గుళ్లు ఒక్కొక్కటీ కడిగి, మళ్లీ బిగించేసరికి ఒక ఆదివారం గడిచిపోయింది. మీ నాన్నగారు నూజివీడులో వేసవిలో ఎన్ని పళ్లు కోస్తారో మీకే తెలుసు.

రెండోది రంగు. టైటానియం మీద కనిపించేది పూసిన రంగు కాదు. విద్యుత్తు పంపితే పైన ఒక ఆక్సైడ్ పొర పెరుగుతుంది, దాని మందం మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుందేమో. ఆ పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగు ఒకదానితో ఒకటి కలిసి రంగుగా కనిపిస్తుంది. సుమారు 30 వోల్టుల దగ్గర నీలం, 60 దగ్గర పసుపు వస్తాయి. చేతి జిడ్డు అంటితే రంగు మసకబారినట్లు ఉంటుంది, స్పిరిట్‌తో తుడిస్తే తిరిగి వస్తుంది. కానీ జేబులో తాళాలతో రాసుకుని పోయిన రంగు తిరిగి రాదు. ముందుగా పోయేది పొలుసుల అంచుల మీదే, అంటే మీకు బాగా నచ్చిన ఆ పసుపే.

ఇంకొక ముఖ్యమైన మాట. అంటు కట్టే చాకుకు ఒక వైపే వాలు ఉండాలి, రెండో వైపు చదునుగా ఉండాలి. అప్పుడే కోత తిన్నగా వచ్చి, కొమ్మలు రెండూ సందు లేకుండా అతుక్కుంటాయి. మీరు చూసిన రెండు చాకులకూ రెండు వైపులా వాలే కదా. కాబట్టి ఏది ఇచ్చినా పళ్లకు, తాళ్లకు, కాగితాలకు మాత్రమే. ఆయన పాత చాకును మాత్రం తోట నుంచి తీయించకండి.

సమాధానం 3 (నిజామాబాద్)

పై ఇద్దరి మాటల్లో అనుభవం ఉంది, అయినా ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. అలంకారం కోసమే చేసిన చాకును పనిముట్టు కొలతలతో కొలవడం సబబు కాదు. రాజుల కాలంలో బాకు పిడి మీద రత్నాలు పొదిగినప్పుడు దానితో కొబ్బరికాయ కొట్టవచ్చా అని ఎవరూ అడగలేదు. పొలుసుల చాకును చేతిలో తిప్పుకుంటూ, వెలుగులో చూసుకుంటూ ఆనందించే మనిషికి అది పూర్తిగా విలువైన వస్తువే. ఇక్కడ తీసుకునే మనిషి రోజూ చాకు వాడేవారు కాబట్టి మాత్రమే నేను కూడా రెండోదాని వైపు మొగ్గుతున్నాను.

ఆ రెండో చాకు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆ గీతలకూ మా జిల్లాకూ సంబంధం ఉంది. కోనసముద్రం అనే ఊరు మా జిల్లాలోదే. ఒకప్పుడు అక్కడ మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చి, అవి తయారయ్యేదాకా కాచుకుని కూర్చునేవారు. ఆ పనిని కళ్లారా చూసిన వాయ్‌సీ అనే ఆంగ్లేయుడి వివరణ 1832లో అచ్చయింది. దక్షిణాది నుంచి వెళ్లిన అలాంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద కనిపించే అలలకే డమాస్కస్ అన్న పేరు స్థిరపడింది. ఒకే ముద్దలో కర్బనపు పదార్థం బారులు తీరడం వల్ల ఆ అలలు పుట్టేవి. ఎవరూ చెక్కినవీ కావు, అతికినవీ కావు.

ఇప్పుడు డమాస్కస్ పేరుతో వచ్చే చాకుల్లో దాదాపు అన్నీ రెండు రకాల ఉక్కును పొరలుగా కలిపి చేసినవే. మీరు చెప్పిన డమాస్టీల్ స్వీడన్‌లోని సోడర్‌ఫోర్స్‌లో తయారవుతుంది, రెండు స్టెయిన్‌లెస్ ఉక్కుల పొడుల నుంచి చేస్తారు. చైనా కంపెనీలు దాన్ని కొని తెచ్చుకుని అలుగుగా మలుస్తాయి. పాత పద్ధతి కాకపోయినా అది నిజమైన పదార్థం. గీత లోపలి నుంచి వస్తుంది, పైన యాసిడ్ వేస్తే బయటపడుతుంది, అరిగిపోయినా మళ్లీ యాసిడ్ వేసి రప్పించవచ్చు.

జాగ్రత్త పడవలసింది దొంగ గీతల విషయంలో. మామూలు ఉక్కు మీద లేజరుతో అలలు గీసి డమాస్కస్ అని అమ్మేవాళ్లు బజారులో ఉన్నారు, వాళ్లలో ఒకరి దగ్గర నేనూ మోసపోయాను. అలుగు వెన్ను మీద చూడండి. నిజమైనదైతే ఒక వైపున్న పొర వెన్ను మీదుగా రెండో వైపుకు దిగుతున్నట్లు ఆనవాలు ఉంటుంది, వాదర దాకా సాగుతుంది. నేను కొన్నదాని వెన్ను అద్దంలా శుభ్రంగా ఉంది. సానరాయి మీద రెండుసార్లు పడేసరికి వాదర పక్కన అలలు చెరిగిపోయి, తెల్లటి పట్టీ ఒకటి మిగిలింది.

సమాధానం 4 (బాలానగర్, హైదరాబాద్)

నిజామాబాద్ వారు చెప్పినది న్యాయమైన మాట. చూసుకోవడానికి చేసిన వస్తువును చూసుకోవడానికే కొంటే తప్పు లేదు. నేను రాసినది చేతిలో పని చేయవలసిన చాకు గురించే.

ఒకటి మరిచిపోయాను. రెండు వాలులు కలిసే ఆ గట్టు దగ్గర వాదర వెనుక మందం ఎక్కువ ఉంటుంది. పండు కోస్తుంటే అక్కడికి వచ్చేసరికి చాకు కోయడం మాని చీలుస్తుంది, కారెట్ అయితే ముక్క టప్పున విరుగుతుంది. పైగా సాన పట్టేటప్పుడు ఆ గట్టు కిందనే వాదర వెడల్పు మారుతూ పోయి, తిన్నగా కనిపించదు.

ప్రశ్న అడిగినవారి జవాబు (డాలస్)

అందరికీ కృతజ్ఞతలు. నన్ను వెనక్కి లాగుతున్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది. పొలుసుల చాకును నేను ఎప్పుడూ బల్ల మీద పెట్టి ఉన్నట్లే ఊహించుకున్నాను. నాన్నగారి చేతిలో ఉన్నట్లు ఒక్కసారి కూడా ఊహించుకోలేదు.

నిన్న దుకాణానికి వెళ్లి రెండూ గుప్పిట బిగించి చూశాను. పొలుసుల చాకును నాలుగు నిమిషాలు నొక్కి పట్టుకుంటే చూపుడువేలి మొదట్లో ఎర్రటి అర్ధచంద్రాలు మూడు పడ్డాయి. రెండోది చేతిలో ఉన్నట్టే అనిపించలేదు. దాని వెన్ను మీద గీతలు కూడా చూశాను, ఒక వైపు నుంచి రెండో వైపుకు దిగుతున్నాయి. అదే కొన్నాను, విమానంలో చేతి సంచిలో కాకుండా చెక్ఇన్ పెట్టెలో పెట్టుకుంటాను.

పాత చాకు సంగతి కూడా ఆలోచించాను. దాని అలుగు ఇంకా బాగానే ఉంది, ఒక వైపే వాలు ఉన్నది అదే. పిడికి కొత్త చెక్క వేయించి, మేకుల తలలు సమంగా అరగదీయించాలి. బాలానగర్ వారు, ఇత్తడి మేకులను చెక్క పగలకుండా తీయడానికి వెనుక నుంచి కొట్టాలా, తల అరగదీసి తోయాలా? వీలుంటే చెప్పండి.