‘క్లెయిమ్’ను తెలుగులో ఏమందాం? ‘హక్కు’ మాత్రం వద్దు

అడిగినది, విజయవాడ నుంచి:
మా ఆఫీసులో, ఫైళ్లు దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్ వాడేవాళ్ల కోసం తెలుగులో చిన్న గైడ్ రాస్తున్నాం. 2010 వెర్షన్‌లో వచ్చి, 2013 నుంచి డిఫాల్ట్ అయిన క్లెయిమ్స్ అనే లాగిన్ పద్ధతి దగ్గర ఆగిపోయాం. ఒకరు ‘హక్కుల ఆధారిత ధ్రువీకరణ’ అని రాసుకొచ్చారు. వినడానికి బాగానే ఉంది గానీ అర్థం తలకిందులైంది. ఈ మనిషి ఈమెయిలు ఇది, విభాగం ఇది అని లాగిన్ సర్వర్ చెప్పే మాటే క్లెయిమ్. ఫైలు తెరిచే హక్కు ఉందో లేదో ఆ తర్వాత షేర్‌పాయింట్ తేలుస్తుంది. మీరైతే ఏమంటారు?

గుంటూరు, వకీలు:
‘దావా’ అని మాత్రం అనకండి. మా కోర్టులో దావా వేస్తారు, అది ఏళ్ల తరబడి నడుస్తుంది. ‘వాంగ్మూలం’ ఎలా ఉంటుంది?

విజయవాడ:
వాంగ్మూలం మనిషి తన నోటితో చెప్పేది కదండీ. ఇక్కడ యూజర్ తన గురించి తాను చెప్పుకుంటే చెల్లదు. తహసీల్దారు సంతకం ఉన్న ఆదాయ ధ్రువపత్రం ఇస్తే కాలేజీవాళ్లు మన ఇంటికొచ్చి విచారించరు, సంతకం చూసి ఒప్పుకుంటారు. అలాగే ఏడీఎఫ్ఎస్ (మైక్రోసాఫ్ట్‌ది) లాంటి లాగిన్ సర్వర్ పాస్‌వర్డ్ తానే సరిచూసుకుని, వివరాలను టోకెన్‌లో పెట్టి డిజిటల్ సంతకం చేసి ఇస్తుంది. షేర్‌పాయింట్ తన దగ్గర ముందే పెట్టుకున్న ఆ సర్వర్ సర్టిఫికెట్‌తో ఆ సంతకాన్ని పోల్చుకుంటుంది. పాస్‌వర్డ్ దాని దాకా రానే రాదు.

తెనాలి, రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఇంత గొడవెందుకు, ‘వివరం’ చాలదూ?

విజయవాడ:
చాలదు మాస్టారూ. ఆ వివరం ఎవరు చెప్పారన్నదే ఇందులో ప్రాణం. నమ్మకం పెట్టుకోని సర్వర్ నుంచి అదే ఈమెయిలు వచ్చినా షేర్‌పాయింట్ పట్టించుకోదు.

గుంటూరు, సర్వర్లు చూసే ఉద్యోగి:
ఇంకో చిక్కు కూడా గైడ్‌లో రాయండి. బయటి లాగిన్ సర్వర్‌ను ఎస్ఏఎంఎల్ అనే టోకెన్ పద్ధతితో కలిపాక, పర్మిషన్ ఇచ్చేటప్పుడు మనుషుల్ని ఎంచుకునే పెట్టెలో (పీపుల్ పికర్) ఏ పిచ్చి పేరు కొట్టినా సరేనంటుంది. అలాంటి మనిషి ఉన్నాడో లేడో అడిగే దారి దానికి లేదు. పేర్లు వెతికిపెట్టే క్లెయిమ్స్ ప్రొవైడర్ ఒకటి విడిగా పెట్టుకోవాల్సిందే. ఈమెయిలులో ఒక్క అక్షరం తప్పు పడితే పర్మిషన్ ఆ తప్పు పేరుకే పోతుంది, అసలు మనిషికి యాక్సెస్ డినైడ్. ఆ రోజంతా మాకు ఫోన్లే ఫోన్లు. మాటంటారా, నాకైతే ‘పూచీ’ బాగుంది. సర్వర్ పూచీ పడుతోందిగా!

వకీలు:
అవతలివాడు మాట తప్పితే పూచీ పడ్డవాడు డబ్బు కట్టాలి. మీ సర్వర్ కడుతుందా?

మాస్టారు:
నిత్య వ్యవహారంలో పూచీకి డబ్బు అక్కర్లేదు లెండి. ‘వాడికి నేను పూచీ’ అంటే నన్ను చూసి వాణ్ణి నమ్మమనే.

విజయవాడ:
అయితే శీర్షికలో ‘క్లెయిమ్’ అలాగే ఉంచి, కింద ‘లాగిన్ సర్వర్ పూచీ పడి చెప్పే వివరం’ అని రాస్తాను. టోకెన్‌కు మాత్రం తెలుగు వెతకను, రేషన్ షాపు నుంచి ఆస్పత్రి దాకా అందరూ వాడుతున్న మాటే.