మేనరికానికి ముందు పూర్వీకుల డీఎన్‌ఏ కిట్ అవసరమా?

కాకతీయ_జీవశాస్త్రం:
మేనరికం ఖాయం చేసుకునే ముందు పిల్లలిద్దరికీ పూర్వీకుల డీఎన్‌ఏ కిట్ (ఉమ్ముతో వంశమూలాలు, చుట్టరికం చెప్పే పరీక్ష) చేయించాలా అన్నది ప్రశ్న. చేయించాలనే నా వాదన. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా ఉండి గొట్టంలో గీత దాకా ఉమ్మితే చాలు (నురుగు లెక్కలోకి రాదు). చిప్ మీద కొన్ని లక్షల చోట్ల డీఎన్‌ఏ చదువుతారు. ఇద్దరికీ ఎంత పోలికో అంకెల్లో తేలుతుంది.

ఉట్నూరు_ల్యాబ్:
అన్నా, ఆ అంకెతోనే చిక్కు. బావామరదళ్లకు సగటున 12.5 శాతం డీఎన్‌ఏ కలుస్తదని కిట్ లేకున్నా తెలుసు. ఇద్దరిలో ఒకే జన్యువు చెడిందా లేదా అన్నదే అసలు ముచ్చట, అది శాతం చెప్పదు. పైగా తరతరాలుగా ఒకే కులంలో పిల్లనిచ్చి తెచ్చుకున్న చోట చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు ఎందరితోనో కలుస్తయి. వాటన్నిటినీ కూడితే దూరపోళ్లు సుత దగ్గరి చుట్టాలుగ కనవడ్తరు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు గోండు, కోలాం కుటుంబాలకు ముందు కావాల్సింది సికిల్ సెల్ (వంశపారంపర్యంగ వచ్చే రక్తజబ్బు) పరీక్ష. సాల్యుబిలిటీ అనే తొలి పరీక్షలో రక్తం కలిపిన ద్రావణం మసకబారితే పాజిటివ్. కానీ జబ్బున్నోళ్లకు, క్యారియర్లకు (జబ్బు లేకున్నా చెడిన జన్యువు ఒకటి మోసేటోళ్లకు) ఇద్దరికీ మసకే వస్తది. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతోనే తేడా తెలుస్తది. ఊదా మూత గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం చాలు. ఈమధ్యనే రక్తం ఎక్కించుకున్నోళ్ల ఫలితాన్ని నమ్మొద్దు. అదే రిపోర్టులో హెచ్‌బీ ఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 3.5 శాతం దాటితే బీటా థలసీమియా (ఇదీ వంశపారంపర్య రక్తజబ్బే) క్యారియర్ అని అనుమానించాలె. ఐరన్ తక్కువున్నోళ్లలో ఆ అంకె దిగిపోయి క్యారియర్ దొరకకుండ పోవచ్చు, అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష సుత చూడాలె. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బొచ్చే అవకాశం 25 శాతం.

మట్టెవాడ_మత్తువైద్యం:
ల్యాబ్ పరీక్షే ముందు, ఒప్పుకుంటాను. అయితే పూర్వీకుల సమాచారం పనికిరాదనడం తప్పు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనంలో, దక్షిణాసియాలో పరిశీలించిన 263 సమూహాల్లో 81 సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచే పెరిగిన జాడ బలంగా కనిపించింది. మన వైపు వైశ్యులు అందుకు తెలిసిన ఉదాహరణ. వీరిలో కొందరికి సూడోకోలినెస్టరేజ్ ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. ఆపరేషన్‌లో ఈ ఎంజైమే విరగ్గొట్టాల్సిన సక్సినైల్‌కోలిన్ అనే సడలింపు మందు ఇస్తే, పది నిమిషాల్లో విడవాల్సిన కండరాల సడలింపు గంటల తరబడి ఉండిపోతుంది; రోగి తనంతట శ్వాస తీసుకునే దాకా వెంటిలేటర్ తీయకూడదు. ముందే మత్తు డాక్టరుకు చెబితే ఎంజైమ్ రక్తపరీక్ష చేయించి, రోక్యురోనియం లాంటి వేరే మందు వాడతారు. ఇక్కడ కిట్ కన్నా ఇంట్లో పెద్దల మాటే ఎక్కువ అక్కరకొస్తుంది.

కాకతీయ_జీవశాస్త్రం:
వైద్యం సంగతిలో మీ ఇద్దరి మాటా సరే. దత్తత వచ్చినవాళ్లకు సొంతవాళ్లను వెతుక్కోవడానికి మాత్రం కిట్ ఒక మంచి దారి.

ఉట్నూరు_ల్యాబ్:
గా దారిలోనే ముప్పు సుత ఉన్నది. 2023ల ట్వంటీత్రీఅండ్‌మీ అనే డీఎన్‌ఏ కిట్ల కంపెనీలో, వేరే సైట్లల్ల లీకైన పాస్‌వర్డులతో దాదాపు 14 వేల ఖాతాలల్ల చొరబడితే, డీఎన్‌ఏ కలిసినోళ్లను చూపే బంధువుల జాబితా ద్వారా సుమారు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డయి. 2025 మార్చిల ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ మార్చుకుంటం, డీఎన్‌ఏ ఎట్ల మార్చుకుంటం? ఒక్కరు ఉమ్మితే అన్నదమ్ముల గుట్టు సుత పోతది, వాళ్లను ఎవ్వరూ అడగరు. చేయిస్తే మాత్రం బంధువుల జాబితా బంద్ పెట్టి, ఫలితం దించుకున్నంక నమూనాను నాశనం చేయమని రాతపూర్వకంగా అడగాలె.