గూగుల్ మ్యాప్‌లో మా షాపు కిందికి పోయింది, ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో నాన్నగారిది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే షాపు. "మిక్సీ రిపేర్" అని వెతికితే మొన్నటిదాకా మొదటి మూడింట్లో వచ్చేది, కొరిటెపాడు నుంచి కూడా ఫోన్లు చేసేవాళ్లు. నెలరోజులుగా గిరాకీ సగానికి పడిపోయింది. గూగుల్‌లో షాపు వివరాలుండే ప్రొఫైల్లో ఏమీ మార్చలేదు. నాన్నకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు 1:
తమ్ముడూ, ముందు షాపు గుమ్మంలో నిలబడి వెతుకు, తర్వాత కొరిటెపాడు వెళ్లి వెతుకు. దగ్గర్లో పైన, దూరంలో కింద ఉంటే అది దూరం లెక్క. 2021 నవంబరు చివర నుంచి డిసెంబరు 8 దాకా గూగుల్ లోకల్ ఫలితాల్లో, అంటే చుట్టుపక్కల షాపుల్ని చూపించే జాబితాలో, మార్పు తెచ్చింది, అప్పట్నుంచి వెతికే మనిషికి షాపు ఎంత దగ్గరుందనేదానికి బరువు పెరిగిందని షాపుల్ని గూగుల్‌లో పైకి తెచ్చే పనిలో ఉన్నవాళ్లంతా గమనించాం. పేరులో "బెస్ట్ మిక్సీ రిపేర్ గుంటూరు" లాంటివి ఇరికించి ఉంటే తీసెయ్, బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి, లేకపోతే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది.

జవాబు 2:
టైమింగ్స్ చూశారా? వెతికే సమయానికి షాపు తెరిచి ఉందా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుందని 2023 చివర్లో గూగుల్ వాళ్లే చెప్పారు. అలాగని 24 గంటలు అని అబద్ధం పెట్టకండి, రాత్రిపూట వచ్చి తాళం చూసినవాడు ఒక్క స్టార్ ఇచ్చి పోతాడు.

అడిగినవారు:
చూశానన్నా! నాన్న పొద్దున తొమ్మిదికే షట్టర్ ఎత్తుతారు, ప్రొఫైల్లో పదకొండు అని ఉంది. ఇప్పుడే మార్చాను. గుమ్మంలో వెతికితే రెండో స్థానం వచ్చింది, కొరిటెపాడులో సాయంత్రం చూసి చెప్తా.