'టెథర్డ్ మెంబ్రేన్'ని 'పలుపు పొర' అనవచ్చా?

అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తూ 'టెథర్డ్ మెంబ్రేన్' దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. మెంబ్రేన్‌తో చిక్కు లేదు. త్వచం అన్నా పొర అన్నా తెలుస్తుంది. నాకు పొరే ఇష్టం, ఉల్లిపొర అంటూ నోట నలిగిన మాట కదా. చిక్కంతా టెథర్డ్‌తోనే, అంటే తాడుతో కట్టి ఉంచినది అని. 'బంధిత త్వచం' అని రాసి కొట్టేశాను.

కణపొర అంటే కొవ్వు అణువుల జంట వరుస, మందం 4-5 నానోమీటర్లు. అందులో ఇమిడిన ప్రోటీన్లను బయటికి లాగితే చాలావాటి ఆకారం చెడిపోతుంది. అందుకే వాటికోసం కృత్రిమ పొరను బంగారు పూత మీద కడతారు. అయాన్లు ప్రోటీన్ గుండా దాటినప్పుడు ఆ బంగారమే ఎలక్ట్రోడ్‌గా పనికొస్తుంది. కానీ పొరను నేరుగా లోహం మీద పరిస్తే ప్రోటీన్ కింది భాగం లోహానికి తగిలి పాడవుతుంది. కాబట్టి ఒక కొసన గంధకం, మధ్యలో నీటిని ఇష్టపడే గొలుసు, రెండో కొసన కొవ్వు తోకలు ఉన్న అణువులు వాడతారు. గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తోకలు పొరలో దిగుతాయి, మధ్యలో ఒకటి రెండు నానోమీటర్ల నీటి జాగా మిగులుతుంది. ఇదే టెథర్డ్ మెంబ్రేన్. 1997లో ఆస్ట్రేలియాలో బ్రూస్ కార్నెల్ బృందం ఇలాంటి పొరలో గ్రామిసిడిన్‌ను ఉంచి సెన్సర్‌ను చేసి చూపింది. గ్రామిసిడిన్ అంటే 15 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అంటే పెప్టైడ్.

'బంధిత' అంటే కదలలేనిదని తోస్తుంది. ఇక్కడ కట్టూ ఉంది, కదలికా ఉంది. గుంజకు కట్టిన ఆవు పలుపు అందినంత మేర మేస్తుంది చూడండి, అలా. అందుకే 'పలుపు పొర' అనుకుంటున్నాను. మీరేమంటారు?

వ్యాఖ్య: మా వైపు తలుగు అంటామండీ. మాట ఏదైనా, ఆవుకు పలుపు ఒక్కటే. మీ పొరకు లెక్కలేనన్ని. పైగా కింద జాగా ఉందంటున్నారు కాబట్టి నాకు పందిరి గుర్తొస్తోంది. 'పందిరి పొర' బాగుండదా?

జవాబు: చాలా మంచి మాట అందించారండీ. పాఠంలో ఆ జాగాను వివరించేటప్పుడు పందిరి పోలికే వాడతాను. పేరుకు మాత్రం పలుపే ఉంచుతాను. పందిరి గుంజలు బిగుసుకుని బరువు మోస్తాయి, ఈ గొలుసులు వంగుతాయి. పైగా కింది వరుసలో కొవ్వు అణువులన్నీ కట్టి ఉండవు, కట్టనివి పక్కలకు జరుగుతూనే ఉంటాయి.

ఇంకొక మాట కావాలి. పలుపులు ఒత్తుగా ఉంటే ప్రోటీన్‌కు చోటు చాలదు. అందుకని బంగారం మీద వాటి మధ్య చిన్న అణువులను కలిపి పలచన చేస్తారు, వీటిని స్పేసర్లు అంటారు. వరి నాట్లలో మొక్కకూ మొక్కకూ ఎడం వదిలినట్టు. 'ఎడం అణువులు' అంటే పిల్లలకు అర్థమవుతుందా?