పరమగీతంలో "రచించిన" ఎక్కడిది?

పోస్టు: అందరికీ నమస్తే. రెండు రోజులుగా ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. మన తెలుగు బైబిల్లో పరమగీతం అనే పుస్తకం మొదలయ్యేది "సొలొమోను రచించిన పరమగీతము" అని. హీబ్రూలో "షిర్ హష్షిరీమ్ అషెర్ లిష్లోమో" అని ఉంది. "షిర్ హష్షిరీమ్" అంటే పాటల్లోకెల్లా పాట. దాన్ని "పరమగీతం" అనడం ఎంత బాగుందో! మరి "రచించిన"? మూలంలో రాయడం, కట్టడం, పాడడం, ఏ క్రియా లేదు. దావీదు కొడుకు సొలొమోను రాజు పేరుకి (హీబ్రూలో ష్లోమో) ముందు "ల" ఒక్కటి అతుక్కుని ఉంది, అంతే.

జవాబు: బైబిల్లోని సామెతలు, ప్రసంగి, పరమగీతం మూడు పుస్తకాలూ సొలొమోనువే అని సండే స్కూల్ నుంచీ వింటున్నాం కదండీ. యౌవనంలో పరమగీతం, నడివయసులో సామెతలు, ముసలితనంలో ప్రసంగి రాశాడని యూదు మతగురువులైన రబ్బీలు కూడా చెప్పారు. ఇప్పుడు కొత్తగా అనుమానం దేనికి?

జవాబు: అనుమానం లేఖనం మీద కాదు మేడమ్, తెలుగు మాట మీద. హీబ్రూ "ల" మన "కి/కు"కి దగ్గరి చుట్టం. "రాముడికి ఇద్దరు కొడుకులు" అన్నప్పుడు ఒక అర్థం, "రాముడికి ఉత్తరం వచ్చింది" అన్నప్పుడు ఇంకో అర్థం. హీబ్రూలోనూ అంతే. ఫలానావాడిది, ఫలానావాడి కోసం, ఫలానావాడి గురించి, ఫలానావాడు రాసింది, అన్నింటికీ అదొక్కటే.

యెరూషలేము చుట్టూ ఉన్న యూదయలో, ముఖ్యంగా లాకీషు పట్టణం తవ్వకాల్లో, క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం చివరినాటి జాడీల పిడులు బోలెడు దొరికాయి. వాటి మీద ముద్ర "లమెలెఖ్". అక్కడ కూడా ఇదే "ల". రాజుది అని అర్థం. అంతమాత్రాన ఆ జాడీలు రాజు చేసిన కుండలని ఎవరూ అనరు కదా!

72వ కీర్తన పైన కూడా "లిష్లోమో" అనే ఉంది. తెలుగులో "సొలొమోను కీర్తన" అన్నారు. క్రీస్తుకు పూర్వమే వచ్చిన గ్రీకు అనువాదం దాన్ని "సొలొమోను కోసం" అన్న అర్థంలో తీసుకుంది. లోపల ఉన్నది రాజు కోసం, రాజకుమారుడి కోసం చేసిన ప్రార్థన. చివర్లో దావీదు ప్రార్థనలు ముగిసినట్టు కూడా ఉంది. అంటే ఆ అక్షరం దగ్గర అప్పటివాళ్లే తలో దారి పట్టారన్నమాట.

జవాబు: మాస్టారూ, జాడీల పోలిక అదిరింది. ఆ ముద్రలు యూదయను ఏలిన హిజ్కియా రాజు కాలానివేగా? సామెతలు 25వ అధ్యాయం మొదట్లో, హిజ్కియా మనుషులు సొలొమోను సామెతల్ని ఎత్తి రాశారని ఉంది. జాడీలైనా సామెతలైనా ఆ ఆఫీసులో ముద్ర మాత్రం రాజుగారిదే! 😀

జవాబు: సరదాకన్నా అసలు విషయం ఉంది ఇందులో. సామెతల గ్రంథం ఒక చేతి రాత అని ఆ గ్రంథమే అనట్లేదు. 30వ అధ్యాయం ఆగూరు అనే ఆయనది. 31 మొదలు లెమూయేలు అనే రాజుకి వాళ్లమ్మ చెప్పిన మాటలు. 22వ అధ్యాయం 17వ వచనం నుంచి వచ్చే భాగానికి ప్రాచీన ఈజిప్టు నీతిగ్రంథం "అమెనెమోపె ఉపదేశం"తో ఎంత దగ్గర పోలికంటే, 1920లలో అది అచ్చయినప్పటి నుంచీ పండితులు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టే చదువుతున్నారు. ఇక ప్రసంగిలో సొలొమోను పేరే రాదు. "దావీదు కుమారుడు, యెరూషలేములో రాజు" అంటుంది, అంతే.

"సొలొమోను సామెతలు" అన్న తెలుగు మాత్రం నాకు నచ్చుతుంది. మనకి షష్ఠి ప్రత్యయం లేకుండానే పని జరుగుతుంది కదా. "వేమన పద్యాలు" అంటే వేమన చెప్పినవి. "తెనాలి రామకృష్ణ కథలు" అంటే ఆయన రాసినవి కావు, ఆయన మీద పుట్టినవి. "హాలుడి గాథాసప్తశతి" అంటే ఆ శాతవాహన రాజు పేరు మీద ఉన్న సంకలనం, గాథలు చాలామంది కవులవి. సామెతల దగ్గర తెలుగు ఆ తలుపు తెరిచే ఉంచింది. పరమగీతం దగ్గర "రచించిన" అని గడియ పెట్టేసింది.

జవాబు: ఒక్క అక్షరం పట్టుకుని సొలొమోను రాయలేదని తేల్చేస్తారా?

జవాబు: తేల్చలేం. "రాసిన" అన్న అర్థం కూడా అందులో ఉందని పైనే చెప్పాను. కానీ ఇంకోటి చూడండి. ఆ మొదటి వాక్యంలో "అషెర్" వాడారు, మన "అయిన, ఉన్న" లాంటి పని చేసే మాట. తర్వాత పాట మొత్తంలో ఒక్కసారి కూడా "అషెర్" రాదు, అంతటా "షె" అనే పొట్టి రూపమే. గ్రాంథికంలో అట్ట మీద పేరు వేసి లోపల వాడుకభాష నడిపినట్టుంది. ఆ శీర్షిక ఇంకెవరో తగిలించారని నాకు గట్టిగా అనిపించేది ఇక్కడే. 4వ అధ్యాయంలో "పర్దెస్" అనే పారసీక మాట కూడా ఉంది, తోట అని. సొలొమోనుది క్రీస్తు పూర్వం 10వ శతాబ్దం. పారసీకులు బబులోనును పట్టుకుని ఆ ప్రాంతం మీద పెత్తనానికి వచ్చింది క్రీస్తు పూర్వం 539లో.

జవాబు: ఆ మాట తర్వాత ఎత్తి రాసినవాళ్లు మార్చి ఉండొచ్చుగా? మన తాళపత్రాల్లో లేఖకులు ఎన్ని మార్చలేదు!

జవాబు: మార్చి ఉండొచ్చు. అందుకే "పర్దెస్" కన్నా "అషెర్" మీదే నా నమ్మకం. ఒక తోట పేరు మార్చడం తేలిక. పాటంతా వెతికి ప్రతి "అషెర్"నీ "షె" చేసి, శీర్షికలో ఒక్కటి వదిలేసే లేఖకుణ్ణి ఊహించుకోవడం కష్టం.

పోస్టు పెట్టినవారు: అయితే తెలుగులో ఏం పెట్టాలంటారు? "సొలొమోనుకు చెందిన పరమగీతము" అంటే భూమి పట్టాలా ఉంది.

జవాబు: ఏమీ పెట్టక్కర్లేదండీ. "రచించిన" తీసేయండి. "సొలొమోను పరమగీతము."